స్కూల్ రోయింగ్ టీమ్‌ను సీజన్ మొదట్లో ఎలా తయారు చేయాలి?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో హైస్కూల్ రోయింగ్‌కి వసంతకాలమే అసలు సీజన్. చలికాలమంతా లోపల మెషీన్ల మీద సాధన చేస్తారు, మార్చిలో నదిలోకి దిగుతారు, ఏప్రిల్, మే నెలల్లో 1500 మీటర్ల రేసులు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. ఫిలడెల్ఫియాలో స్కూల్‌కిల్ నది మీద 1927లో మొదలైన హైస్కూల్ రోయింగ్ పోటీ, స్టోట్స్‌బరీ కప్ కూడా మే నెలలోనే. కొత్త పిల్లలకు నీళ్ల మీద దొరికే సమయం తక్కువ. ఆ టెన్షన్‌లో చాలా టీమ్‌లు మొదటి వారం నుంచే వేగం వెంట పడతాయి. అది పొరపాటని గట్టిగా చెబుతాను. మొదటి ఆరు వారాలు రెండే పనులు: స్ట్రోక్, అంటే తెడ్డు నీళ్లలో వేసి లాగే ఒక్కో లాగు, పొడవుగా రావాలి, అందరి తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడాలి. వేగం ఆ తర్వాత సంగతి.

మీరు టీమ్‌కి సాయం చేయడానికి ఒప్పుకున్న పేరెంట్ అయినా, కొత్త కోచ్ అయినా, జట్టులో చేరిన విద్యార్థే అయినా ఈ వరస పనికొస్తుంది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద నేర్చుకునేవాళ్లకు చన్నీళ్ల జాగ్రత్తలు తప్ప మిగతాదంతా ఇదే.

1. ముందు ఈత, తర్వాతే పడవ

ఈత పరీక్ష పాసవ్వని పిల్లల్ని పడవ ఎక్కించకండి. కొంత దూరం ఈదడం, కొన్ని నిమిషాలు నీళ్లలో నిలబడినట్టు తేలడం, నీళ్లలో ఉండగానే లైఫ్ జాకెట్ తొడుక్కోవడం, ఈ మూడూ రావాలి.

మార్చిలో ఎండ కాస్తున్నా నది మాత్రం మంచులాగే ఉంటుంది. అంత చల్లటి నీళ్లలో పడితే ఏమవుతుందో పిల్లలకు ముందే చెప్పాలి. మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అప్పుడు కంగారుపడకుండా శ్వాస నిలదొక్కుకోవాలి. ఆ తర్వాత సుమారు 10 నిమిషాలే చేతులు, వేళ్లు చెప్పినమాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. అందుకే పడవ తిరగబడితే ఒడ్డుకి ఈదకూడదు, పడవను పట్టుకునే ఉండాలి. అది తేలుతుంది, మునగదు. అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లతో కోచ్ మోటారు బోటు పక్కనే ఉండాలి. అది లేని రోజు ప్రాక్టీస్ లేదు, అంతే.

ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. పడవలో బూట్లు పలకకి బిగించి ఉంటాయి. ప్రతి బూటు మడమ దగ్గర ఒక తాడు ఉండాలి. మడమ సుమారు 7 సెంటీమీటర్ల కన్నా పైకి లేవకుండా ఆ తాడు ఆపితేనే, పడవ తిరగబడినప్పుడు చేతులతో విప్పే పని లేకుండా కాలు బయటికి జారుతుంది. పడవ దించేముందు ప్రతి తాడునీ వేలితో లాగి చూడండి. తెగిందో, వదులైందో ఉంటే ఆ సీటు ఖాళీగా పెట్టండి. పడవ ముక్కు మీద రబ్బరు బంతి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

2. మెషీన్ మీద వరస నేర్పండి

రోయింగ్ మెషీన్‌ని అందరూ ఎర్గ్ అంటారు. స్ట్రోక్ వరస నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. లాగేటప్పుడు ముందు కాళ్లు తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర్లో చేతులు రావాలి. తిరిగి వెళ్లేటప్పుడు దానికి సరిగ్గా ఉల్టా: ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖర్న మోకాళ్లు.

కొత్తవాళ్లలో తప్పు దాదాపు ఎప్పుడూ తిరుగు ప్రయాణంలోనే దొరుకుతుంది. పక్క నుంచి హ్యాండిల్‌ని గమనించండి. చేతులు మోకాళ్లు దాటకముందే మోకాళ్లు లేస్తే, హ్యాండిల్ వాటి మీదుగా గుట్ట ఎక్కి దిగినట్టు కదులుతుంది. ఎర్గ్ మీద దానివల్ల పెద్ద నష్టం కనిపించదు. పడవలో మాత్రం ఆ ఒక్కరి వల్ల పడవ పక్కకి ఒరిగి, మిగతా అందరి తెడ్లూ నీళ్లకి కొట్టుకుంటాయి. సరిచేయడం సులువే. చేతులు చాచి, నడుము ముందుకి వంచి, ఒక్క క్షణం ఆగమనండి. ఆ తర్వాతే మోకాళ్లు మడవాలి. ఇలా రోజూ పది నిమిషాలు.

ఫ్యాన్ పక్కనున్న మీటను 10 మీద పెట్టడం కుర్రాళ్లకు సరదా. 3 నుంచి 5 మధ్య చాలు. 10 మీద పెడితే ప్రతి స్ట్రోక్ బరువుగా మారి నడుము మీద భారం పడుతుంది. ఎదుగుతున్న వయసులో నడుంనొప్పి తెచ్చుకుంటే సీజన్ అక్కడే ఆగిపోతుంది.

తెర మీద అంకెల గురించి కూడా ఓ మాట చెప్పాలి. 500 మీటర్లు 2 నిమిషాల్లో వెళ్లే వేగానికి సుమారు 203 వాట్లు కావాలి. 1 నిమిషం 50 సెకన్లకి రావాలంటే 263 వాట్లు. చూడటానికి 10 సెకన్లే, కానీ దాదాపు 30 శాతం ఎక్కువ బలం కావాలి. ఇది తెలిస్తే, నెలలో రెండు సెకన్లే తగ్గాయని ఏ పిల్లా దిగులుపడదు.

3. పడవ ఎత్తడం, దించడం

ఎనిమిది మంది పడవ 17 మీటర్లకి పైగా ఉంటుంది, రేసు పడవ బరువు కనీసం 96 కిలోలు. ఎత్తడం నుంచి నీళ్లలో పెట్టడం దాకా ఆజ్ఞ ఒక్కరిదే, కాక్స్‌ది. చుక్కాని పట్టే కాక్స్ 'వే ఇనఫ్' అంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. కోచ్‌లు, పేరెంట్స్ మధ్యలో అరవకూడదు. కాక్స్ మాటకి విలువ ఒడ్డు మీదే మొదలవ్వాలి, లేకపోతే నీళ్లలో ఎవరూ వినరు.

4. నీళ్ల మీద మొదటి రోజులు

ఎనిమిది మందినీ ఒకేసారి తెడ్లు వేయనివ్వకండి. ఆరుగురు వేస్తుంటే ఇద్దరు తెడ్లు నీటి మీద పరిచి పడవని నిలబెట్టాలి. కాసేపయ్యాక ఆ ఇద్దర్నీ మార్చండి. మొదట చేతులతో మాత్రమే, తర్వాత చేతులు, నడుము, ఆ తర్వాత సగం దూరం జరిగే సీటుతో, చివరికి పూర్తి స్ట్రోక్. అందరికీ విసుగు పుట్టించే డ్రిల్ ఇదే, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే.

తెడ్డు వంకరగా దిగి నీళ్లలో ఇరుక్కుపోవడాన్ని క్రాబ్ అంటారు. హ్యాండిల్ వేగంగా వచ్చి పొట్టకో ఛాతీకో తగులుతుంది. బలంతో దాన్ని ఆపబోతే దెబ్బ తగులుతుంది కాబట్టి, వెనక్కి వాలి తల మీదుగా పోనివ్వాలి. కాక్స్ వెంటనే పడవ ఆపించాలి. అందరికీ ఒకసారి కాకపోతే ఒకసారి జరిగేదే, దానికి ఎవర్నీ తిట్టకండి.

5. నెమ్మదిగా, ఎక్కువ దూరం

నిమిషానికి పడే స్ట్రోకుల సంఖ్యని రేటు అంటారు. మొదటి వారాల్లో ఎక్కువ భాగం రేటు 18 నుంచి 20 మధ్యే ఉండాలి. పక్కవాళ్లతో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలిగేంత శ్రమ చాలు. లాగడానికి పట్టే సమయం కన్నా తిరిగి వెళ్లడానికి రెట్టింపు పట్టాలి. ఆ తిరుగు ప్రయాణంలో సీటు మీద తొందరపడితే, జారుతున్న పడవకి మనమే బ్రేక్ వేసినట్టు.

టీమ్ బాగుపడుతోందా అన్నది నీళ్ల మీదే కనిపిస్తుంది. ప్రతి తెడ్డూ నీళ్లలోంచి లేచాక ఒక సుడి మిగులుతుంది. పడవ ముందు కొసన కూర్చున్నవాళ్ల సుడి, వెనక కొసన ఉన్న స్ట్రోక్ సీటు తెడ్డుని దాటిపోయాకే తర్వాతి స్ట్రోక్ పడుతోందా చూడండి. మొదట్లో అలా పడదు. ఎనిమిది మంది పడవలో ఒక పొద్దున అది మొదటిసారి జరిగినప్పుడు కాక్స్‌కి చెప్పి పిల్లలందరికీ చూపించండి. ఏ అంకె చెప్పినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

6. చేతులు, తిండి

అరచేతులు బొబ్బలెక్కుతాయి. తోలు పీకకండి, సబ్బుతో కడిగి టేపు వేయండి. గ్లవ్స్ వేసుకుంటే పట్టు తెలియదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో రానివ్వకండి, అరటిపండో, రెండు ఇడ్లీలో తిని వస్తే చాలు.

7. ఎదుగుదలని ఎలా కొలవాలి?

సీజన్ మొదట్లో ఒకసారి, రేసులకు ముందు ఒకసారి ఎర్గ్ మీద 2000 మీటర్ల టెస్ట్ పెట్టండి. వారం వారం వద్దు, పిల్లలు టెస్ట్‌కి భయపడుతూ శిక్షణ మానేస్తారు. దానికన్నా నీళ్ల మీద ఈ లెక్క మేలు: రేటు 20లో 500 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు పడ్డాయి? 50 పడితే ఒక్కో స్ట్రోక్‌కి పడవ 10 మీటర్లు వెళ్లినట్టు. అదే రేటులో 46కి వస్తే దాదాపు 11 మీటర్లు. ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, వాలులో ఒకసారి చేసి సగటు తీయండి. లెక్క కాక్స్ నోటుబుక్‌లో ఉండాలి.

ఏ సీటులో ఎవరు అన్నది తేల్చడానికి సీట్ రేసింగ్ చేస్తారు. నలుగురి పడవలు రెండు పక్కపక్కన పోటీ పడతాయి. మొదటి పడవ 2 సెకన్లతో గెలిచిందనుకుందాం. ఒకే వైపు తెడ్డు వేసే ఇద్దర్ని అటూ ఇటూ మార్చి మళ్లీ పెడితే రెండో పడవ 1 సెకనుతో గెలిచింది. తేడా 3 సెకన్లు, అది మొదటి పడవ నుంచి రెండో దానికి వెళ్లిన అమ్మాయి ఖాతాలోకి వస్తుంది. రెండు పడవలకీ రేటు ఒకటే ఉండాలి, లేకపోతే లెక్కకి అర్థం లేదు. అయితే ఐదారు వారాలు గడవకముందు ఇది పెట్టకండి. స్ట్రోక్ ఇంకా కుదరని పిల్లల్ని పోటీకి నిలబెడితే, అప్పటిదాకా నేర్చుకున్న పొడవంతా భయంతో పోగొట్టుకుంటారు.

8. రేటు పెంచడం

మొదటి రేసుకి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ఒక నిమిషం 24, తర్వాత 26, ఆపైన 28. ప్రతి మెట్టు దగ్గరా పడవ వేగం పెరగాలి. రేటు పెరిగి వేగం పెరగకపోతే స్ట్రోక్ పొట్టిదైపోయిందన్నమాట. అప్పుడు వెనకటి మెట్టుకే దిగి, మళ్లీ ఎక్కండి. 30 దాటిన రేటుతో చిన్న చిన్న ముక్కలు, నిలబడిన పడవ నుంచి స్టార్ట్‌లు చివరి వారం కోసం దాచండి. స్టార్ట్‌లో మొదటి స్ట్రోకులు సగం, ముప్పావు పొడవుతో వేసి, ఆ వెంటనే పూర్తి పొడవుకి రావాలి. రేసు ముందురోజు 20 నిమిషాల తేలికపాటి రోయింగ్, రెండు స్టార్ట్‌లు, పడవ పక్కన తెడ్డుని మోసే చట్రం, అంటే రిగ్గర్, దాని నట్లు స్పానర్‌తో మరోసారి బిగించడం. పడవల్ని ట్రైలర్ ఎక్కించేటప్పుడు రెండు స్పానర్లు, టేపు, కొన్ని వాషర్లు ఒక డబ్బాలో వేసుకోండి. గడ్డిలో పడిన వాషర్ మళ్లీ దొరకదు.