అకోఖేర్: చేరదీయడాన్ని స్పానిష్‌లో చెప్పే తీరు

మాడ్రిడ్ కేంద్రంగా పనిచేసే ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో మన భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడి మగ్గాలనో, నాగార్జునసాగర్ బుద్ధవనాన్నో చూడవచ్చే స్పానిష్ అతిథులతో వారి భాషలో మాట్లాడదలచినవారు ముందుగా ‘స్వాగతం’ అనే మాటకే సమానార్థకం వెతుకుతారు. అది దొరకడం తేలికే. ‘బియెంబెనీదో’ అంటే ‘బాగా వచ్చినవాడు’. మన స్వాగతంలోని ‘సు’, ‘ఆగతం’ కూడా అదే పొందికతో కలిశాయి. అయితే మన మాట ఎవరికైనా మారదు, స్పానిష్ మాట మాత్రం వచ్చినవారిని బట్టి మారుతుంది. ఒక స్త్రీకి బియెంబెనీదా, అందరూ స్త్రీలే అయితే బియెంబెనీదాస్, పురుషులున్న గుంపుకు బియెంబెనీదోస్ అనాలి.

ఇది నోటిమాటతో పలికే స్వాగతం. ‘అకోఖేర్’ క్రియ అంతకంటె లోతైనది. దాన్ని ‘స్వాగతించు’ అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే సగం అర్థం జారిపోతుందని, ‘చేరదీయు’ అని గుర్తుపెట్టుకోవాలని నా దగ్గర నేర్చుకునేవారికి మొదటి రోజే చెబుతాను. శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగిపోయి కట్టుబట్టలతో వచ్చిన పాలమూరు కుటుంబాన్ని చుట్టాలు తమ ఇంట్లో ఉంచుకున్నారనుకోండి, అప్పుడు ‘లోస్ పరియెంతెస్ అకోఖియేరోన్ అ ల ఫమీలియా’ అంటాము. పెళ్లిలో ఊరి పొలిమేర దాకా వెళ్లి ఎదుర్కోళ్లు జరపడానికి మాత్రం ఈ క్రియ నప్పదు; ఎదురేగి తోడ్కొని రావడానికి ‘రెసిబీర్’ సరిపోతుంది.

పై వాక్యంలో కుటుంబానికి ముందున్న ‘అ’ను గమనించండి. మనం ‘అన్నం తిన్నాడు’ అంటాము గాని ‘పిల్లవాడు చూశాడు’ అంటే చూసినవాడే పిల్లవాడవుతాడు కాబట్టి, ‘పిల్లవాణ్ణి చూశాడు’ అని విభక్తి చేరుస్తాము. స్పానిష్‌లోనూ చేరదీసేది మనుషులనైతే ‘అ’ ఉండాలి. మ్యూజియం ఒక ప్రదర్శనకు చోటిచ్చిందని చెప్పేటప్పుడు కూడా ఇదే క్రియ వాడవచ్చు, కాని ప్రదర్శన మనిషి కాదు కాబట్టి అక్కడ ‘అ’ రాదు. తెలుగువారికి చెవిలోనే ఉన్న సూత్రమిది, కొత్తగా బట్టీ పట్టనక్కరలేదు.

రాతలో ఒక్కచోట జాగ్రత్త అవసరం. అకోఖేర్‌ను జి అక్షరంతో రాస్తారు. ఇ, ఎ ధ్వనుల ముందు ఆ జి, ఉర్దూ మాట్లాడేవారు ‘ఖబర్’ అనేటప్పుడు గొంతులో ఒరసుకుంటూ వచ్చే ‘ఖ’లాగే పలుకుతుంది, నల్లగొండ బజారులో పెరిగినవారికి అది పరిచితమైన ధ్వనే. ఒ, అ ధ్వనుల ముందు మాత్రం జి ‘గ’ అయిపోతుంది. అందుకే ‘నేను చేరదీస్తాను’ అనే అర్థంలో ‘యో అకోఖో’ అని రాసేటప్పుడు జి తీసి జె పెట్టాలి. నేను దిద్దే నోటుబుక్కులలో ఎక్కువగా ఎర్ర సిరా పడేది ఈ ఒక్క అక్షరం మీదే. తక్కిన రూపాలు సులువు: నువ్వైతే ‘తూ అకోఖెస్’, అతడైతే ‘ఎల్ అకోఖె’, మనమైతే ‘నోసోత్రోస్ అకోఖేమోస్’. ఒక్క పెద్దమనిషిని గౌరవంగా మీరు అనే ‘ఉస్తేద్’కు కూడా అతడి రూపమే, అంటే ‘అకోఖె’యే వస్తుంది.

ఈ క్రియకు చివర ‘సె’ చేరి ‘అకోఖేర్సె’ అయితే దిశ తిరగబడి, ఆశ్రయమివ్వడం కాస్తా ఆశ్రయించడమవుతుంది. చట్టాన్ని ఆశ్రయించడాన్ని ‘అకోఖేర్సె అ ల లేయ్’ అంటారు. కన్నవారు కాకపోయినా పిల్లలను తమ ఇంట్లో పెట్టుకుని సాకే కుటుంబం ‘ఫమీలియా దె అకోఖీదా’. అడుగు పెట్టగానే మనసు కుదుటపడే ఇల్లు ‘కాసా అకోఖెదోరా’. పోచంపల్లిలో తమ ఇంట బస చేసిన అతిథి ఈ మాట అన్నాడంటే ఆ ఇంటివారు నిజంగా సంతోషించవచ్చు.

పలికేటప్పుడు మొదటి ‘అ’ను ఎన్నడూ మింగవద్దు. అది పోతే మిగిలే ‘కోఖేర్’ స్పెయిన్‌లో ‘పట్టుకొను’ అనే మామూలు మాటే గాని, మెక్సికోలోను అర్జెంటీనాలోను నలుగురిలో అనకూడని బూతు.