ఆన్‌లైన్ సమూహాల్లో పోస్టుకు స్పందన రాకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: అంశాలవారీగా చర్చలు జరిగే సైటు రెడిట్‌లో మీ యాప్ గురించి పోస్టు పెట్టి ఒక రోజు గడిచినా ఒక్క వ్యాఖ్య కూడా రాలేదు.

కారణం: ఆ పోస్టు అసలు ఎవరికీ కనబడి ఉండకపోవచ్చు. ఖాతా కొత్తదైనా, కర్మ పాయింట్లు (ఇతరుల ఓట్లతో ఖాతాకు వచ్చే మార్కులు) తక్కువగా ఉన్నా పోస్టును ఆటోమోడరేటర్ అనే బాట్ తొలగించేలా చాలా సబ్‌రెడిట్లు (రెడిట్‌లో ఒక్కో అంశానికి ఉండే సమూహాలు) నియమం పెట్టుకుంటాయి. కుదించిన లింకులు కూడా స్పామ్ ఫిల్టర్‌కు తరచుగా చిక్కుతాయి. పెట్టినవారికి మాత్రం పోస్టు తమ ఖాతాలో కనబడుతూనే ఉంటుంది కనుక, లోపం శీర్షికలో ఉందనుకొని దాన్నే తిరగరాస్తూ కూర్చుంటారు.

పరిష్కారం: ముందుగా లాగౌట్ అయి, ఆ సబ్‌రెడిట్‌లోని కొత్త పోస్టుల వరుసలో మీది ఉందో లేదో చూడండి. లేకపోతే మళ్లీ పెట్టకుండా ఆ సమూహాన్ని నడిపే మోడరేటర్లకు రెండు వాక్యాల్లో సందేశం పంపండి. పోస్టు కనబడుతున్నా స్పందన లేకపోతే అప్పుడు మాటలు మార్చండి. "విప్లవాత్మక వ్యాపార పరిష్కారం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "కిరాణా కొట్టు ఉద్దెర పద్దును నెట్ లేకపోయినా రాసుకునే యాప్" అంటే అవసరమైనవారు ఆగి చదువుతారు.

సమస్య: టెక్ వార్తలు, చర్చల సైటు హ్యాకర్ న్యూస్‌లో మిత్రులంతా ఓటు వేసినా పోస్టు పైకి రాలేదు.

కారణం: అక్కడ ఓట్లు అడగడమే నిబంధనలకు విరుద్ధం, కూడబలుక్కొని వేసిన ఓట్లను ఆ సైటు పసిగడుతుంది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి "తలా ఒక ఓటు వేయండి" అనే అలవాటు మనవారికి బాగానే ఉంది, అది ఇక్కడ మేలు కన్నా కీడే చేస్తుంది.

పరిష్కారం: వెంటనే వాడి చూడగలిగేది సిద్ధమయ్యాకే "షో హెచ్‌ఎన్" (తాము తయారు చేసినవి చూపించే విభాగం) కింద పెట్టండి. ఈమెయిల్ ఇచ్చి వేచి ఉండమనే పేజీకి అక్కడ చోటు లేదు. దాన్ని ఎందుకు, ఎలా తయారు చేశారో మొదటి వ్యాఖ్యలో మీరే రాయండి.

సమస్య: కొత్త ఉత్పత్తులకు రోజువారీగా ఓట్లు వేసే సైటు ప్రొడక్ట్ హంట్‌లో ఉదయం 9 గంటలకు విడుదల చేస్తే మధ్యాహ్నానికే వెనకబడిపోయింది.

కారణం: అక్కడి రోజు అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి మొదలవుతుంది, మన ఉదయం 9 అయ్యేసరికి ఆ రోజు చివరికొచ్చేస్తుంది.

పరిష్కారం: విడుదలను పసిఫిక్ సమయం అర్ధరాత్రి 12:01కి, అంటే అమెరికాలో వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు మన మధ్యాహ్నం 12:31కి, లేనప్పుడు 1:31కి పెట్టండి.

సమస్య: సైటుకు జనం వస్తున్నారు గానీ ఏ గ్రూపు నుంచో తెలియడం లేదు.

కారణం: వాట్సాప్ నుంచి వచ్చినవారు సైటు సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో సాధారణంగా "డైరెక్ట్" (ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివారి) ఖాతాలో పడతారు.

పరిష్కారం: ఒక్కో గ్రూపుకు వేర్వేరు యూటీఎం గుర్తుతో (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే పదాలు) లింకు ఇవ్వండి.