అంచు తెగిన నాణెం: మింట్ తప్పా, ఆకురాయి పనా?

1992 తర్వాతి స్టీలు రూపాయికి అంచు కాస్త తెగి ఉంటే చాలు, ‘ఎర్రర్ కాయిన్’ (మింట్‌లో, అంటే టంకశాలలో, తప్పుగా తయారైన నాణెం) అని వేలల్లో ధర చెప్తారు. కొనేముందు తెగిన చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, 10 రెట్ల భూతద్దం పట్టండి. అచ్చు పడని ఉత్త లోహపు బిళ్ల ముందే తెగి, తర్వాత అచ్చు పడితే ఎదుటి గట్టు (అంచు వెంట ఉబ్బెత్తుగా ఉండే చుట్టు) పల్చబడుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. తెగిన దగ్గర అక్షరాలు సాగినట్టుంటాయి. తర్వాత కోసిందైతే అక్షరం టక్కున ఆగిపోతుంది. కోతలో ఆకురాయి గీతలు కనిపిస్తాయి, నాణెమంతా మాసినా అక్కడ మాత్రం తళతళే. తూకం వేసి లాభం లేదు, రెండూ తక్కువే తూగుతాయి.

బాగా అరిగిన నాణేనికి ఇది పనిచేయదు, గట్టు అంతటా పోయే ఉంటుంది. కోత మరీ చిన్నదైతే అసలుదానికీ ఎదుటి గుర్తు రాకపోవచ్చు.