క్యాలెండర్ వెనకాల గ్రూప్ పట్టిక

ఐపీఎల్ పాయింట్ల పట్టిక చదవడం వచ్చినవాళ్లకి మహిళల ఫుట్‌బాల్ వరల్డ్ కప్ గ్రూప్ దశ పది నిమిషాల పని. 2027 జూన్ 24న బ్రెజిల్‌లో మొదలవుతుంది కాబట్టి ఈలోపు నేర్చుకోండి.

పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి వెనకవైపు గడులు గీయండి. యాప్‌లో అన్నీ ఉంటాయి కదా అంటారు, ఉంటాయి, కానీ చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుంది. మొత్తం 32 జట్లు, నాలుగేసి చొప్పున 8 గ్రూపులు, ఒక్కో జట్టుకి మూడు మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే చెరొకటి, పైనున్న ఇద్దరు నాకౌట్‌కి. కొట్టిన గోల్స్‌కి ఒక గడి, తిన్న గోల్స్‌కి ఒక గడి తప్పకుండా ఉంచండి, ఆ రెండిటి తేడానే మన నెట్ రన్ రేట్ లాంటిది.

కానీ ఆ తేడా చూసి ముందే ఎవరినీ కొట్టెయ్యకండి. 2023లో జర్మనీ చేతిలో మొరాకో 6-0తో ఓడిపోతే కావలిలో మా అమ్మ, "ఆరు తిన్నోళ్లు ఇంక యాడ పోతార్రా" అనేసింది, నేనూ పట్టికలో మొరాకోని కొట్టేశా. ఆగస్టు 3న మధ్యాహ్నం మూడున్నరకి ఆ గ్రూప్‌లో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి. టీవీలో జర్మనీ, దక్షిణ కొరియా 1-1 దగ్గర ఆగిపోయి ఉంటే, ఇంకోవైపు ఫోన్‌లో కొలంబియాని మొరాకో 1-0తో కొట్టేసింది. కొలంబియా 6, మొరాకో 6, జర్మనీ 4. గోల్స్ తేడా +5 ఉన్న జర్మనీ ఇంటికి, −4 ఉన్న మొరాకో ముందుకి! తేడా లెక్కలోకి వచ్చేది పాయింట్లు సమానమైతేనే. కొట్టేసిన పేరు మళ్లీ రాయాల్సొచ్చింది, అందుకే పెన్సిల్ వాడండి.

చివరి రోజు ఒక్క మ్యాచే చూస్తూ కూర్చుంటే సగం కథే తెలుస్తుంది. పక్కన ఇంకో ఫోన్ పెట్టుకోండి, లేదా ఇంట్లో ఒకరికి స్కోర్లు చెప్పే డ్యూటీ వెయ్యండి.

ఇంకో మెలిక. పాయింట్లు సమానమైతే 2023లో ముందు చూసింది మొత్తం గోల్స్ తేడా. న్యూజిలాండ్, నార్వే రెండూ 4 పాయింట్ల దగ్గర ఆగాయి, మొదటి మ్యాచ్‌లో నార్వేని 1-0తో ఓడించింది న్యూజిలాండే, అయినా ముందుకెళ్లింది నార్వే, ఎందుకంటే ఫిలిప్పీన్స్‌కి ఆరు గోల్స్ పెట్టింది. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. యూరో కప్‌లో అయితే ముందు ఆ ఇద్దరి మధ్య మ్యాచే చూస్తారు. అందుకని ఏ టోర్నీ అయినా ఈ ఒక్క రూలు ముందే చదివి పట్టిక కింద రాసుకోండి.

టైమ్ సంగతి కూడా. అక్కడ సాయంత్రం నాలుగంటే మనకి రాత్రి పన్నెండున్నర, తేదీ మారిపోయి ఉంటుంది. క్యాలెండర్‌లో మన తేదీ వేసుకోండి, లేకపోతే ఆటకి ఒక రోజు ముందే రాత్రి టీవీ ముందు కూర్చుంటారు.