బ్రెజిల్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి: జనం ఎక్కడున్నారు, ఏ పని ఎవరిది?

నేను సావో పాలో వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. మావారి ఉద్యోగం మీద వచ్చాం, పిల్లలిద్దరినీ ఇక్కడే బడిలో వేశాం. మన వైపు నుంచి ఫార్మా, సాఫ్ట్‌వేర్ పనుల మీద కొత్తగా దిగే కుటుంబాలు మొదటి వారం అడిగేది కరివేపాకు దొరుకుతుందా, కందిపప్పు ఎక్కడ కొంటారు అని. నెల తిరిగేసరికి ప్రశ్నలు మారిపోతాయి. "అక్కా, ఈ కాగితానికి ఏ ఆఫీసుకి వెళ్లాలి?" "టీవీలో రోజూ కనబడే ఆయన మంత్రా, జడ్జా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ జనం ఎక్కడున్నారో, ఏ పని ఏ ప్రభుత్వానిదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ముందు దేశం మ్యాపు ఒకటి ప్రింట్ తీసి గోడకి అంటించండి. 2022 జనాభా లెక్కల ప్రకారం బ్రెజిల్‌లో ఉన్నది సుమారు 20.3 కోట్ల మంది. నేల 85 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండున్నర రెట్లు. సగటున చదరపు కిలోమీటరుకి 24 మంది. ఈ సగటుని మాత్రం నమ్ముకోవద్దు. పెన్సిల్ తీసుకుని ఆగ్నేయంలో ఉన్న నాలుగు రాష్ట్రాలకి గీత గీయండి: సావో పాలో, రియో డి జనీరో, మినాస్ జెరైస్, ఎస్పిరిటో శాంటో. దేశంలో నూటికి 42 మంది ఆ గీత లోపలే ఉన్నారు. ఒక్క సావో పాలో రాష్ట్రంలోనే 4.4 కోట్లు. ఇప్పుడు పైన అమెజాన్ ఉన్న ఉత్తర ప్రాంతం చూడండి. నేలలో 45 శాతం అదే, జనం మాత్రం 1.7 కోట్లే. చెరకు, ఆ తర్వాత బంగారం, ఆ తర్వాత కాఫీ, అన్నీ తీరంలోనూ తీరానికి దగ్గర్లోనూ సాగాయి. జనమూ అక్కడే నిలిచిపోయారు.

నాకు బాగా అర్థమైంది అల్తమీరా పేరు చూశాక. పారా రాష్ట్రంలో అదొక మునిసిపాలిటీ. విస్తీర్ణం 1.59 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం 1.63 లక్షలు. ఇంచుమించు ఆంధ్ర అంత నేలకి ఒకే మేయరు, అందులో ఉండేది లక్షా పాతికవేల మంది! ఇటు మినాస్‌లో సెర్రా డ సౌదాడె అనే ఊళ్లో 2022 లో లెక్కతేలింది 833 మంది. వాళ్లకీ ఒక మేయరు, ఒక కౌన్సిలు. దేశంలో ఇలాంటి మునిసిపాలిటీలు 5,500 పైన ఉన్నాయి.

జనాభా లెక్కలవాళ్లు మా ఇంటికీ వచ్చారు. 2020 లో జరగాల్సింది కోవిడ్ వల్ల ఒకసారి, బడ్జెట్ లేక ఇంకోసారి వాయిదా పడి చివరికి 2022 ఆగస్టులో మొదలైంది. నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి చేతిలో ఫోన్ లాంటి యంత్రంతో తలుపు దగ్గర నిలబడి, ఇంట్లో ఎంతమంది, వయసులెంత అని అడిగి, తర్వాత "మీ రంగు లేదా జాతి?" అంది. నేను బిత్తరపోయాను. మన దగ్గర కులం అడుగుతారేమో గానీ రంగు అడగడం ఎప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి నిదానంగా ఐదు మాటలు చదివింది. బ్రాంకా అంటే తెలుపు, ప్రేతా అంటే నలుపు, అమరేలా అంటే పసుపు, పార్దా అంటే మిశ్రమ వర్ణం, ఇండిజెనా అంటే ఇక్కడి ఆదివాసులు. ఇండియా వాళ్లం కదా అని చాలామంది ఈ చివరిది చెప్పబోతారు, అది తప్పు. మనల్ని ఇక్కడ "ఇండియానో" అంటారు. అమరేలా అంటే జపాన్, చైనా, కొరియా మూలాలవాళ్లు. జపాన్ నుంచి మొదటి ఓడ 1908 లో శాంటోస్ రేవుకి వచ్చింది. నేను పార్దా అన్నాను. ఆ అమ్మాయి మారుమాట లేకుండా రాసుకుంది. ఎవరి రంగు వాళ్లు చెప్పుకున్నదే లెక్క, అడిగేవాళ్లు నిర్ణయించరు.

ఆ లెక్క తేలాక పార్దాలు 45.3 శాతం, తెల్లవారు 43.5, నల్లవారు 10.2. అంతకుముందు 2010 లో తెల్లవారే ఎక్కువ. మీరు మాత్రం ఎదుటి మనిషిని చూసి నువ్వు ఫలానా అని మాట తూలకండి. ఈ నేలమీదికి లక్షల మంది ఆఫ్రికన్లని బానిసలుగా తెచ్చారు, 1888 దాకా బానిసత్వం చట్టబద్ధంగా నడిచింది. ఆ గాయం ఇంకా మానలేదు.

ఇంకొకటి గమనించండి. ఈ దేశం వయసు పెరుగుతోంది. 2010 లో జనాభా నడిమి వయసు (సగం మంది దానికి లోపు, సగం మంది దానికి పైన) 29, 2022 కి 35 అయింది. బ్యాంకులో, సూపర్ మార్కెట్లో "ప్రిఫెరెన్షియావ్" అని రాసిన వరస కనిపిస్తుంది. 60 దాటినవాళ్లు, గర్భిణులు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లు అందులో నిలబడొచ్చు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మొహమాటపడి మామూలు వరసలో నిలబెట్టకండి.

ఇక ప్రభుత్వం. వచ్చిన కొత్తలో డ్రైవింగ్ లైసెన్సు పని మీద దగ్గర్లోని ఒక మునిసిపల్ కార్యాలయానికి వెళ్లి సగం రోజు వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చాక కౌంటర్‌లో ఆవిడ కాగితాలు వెనక్కి తోసి "ఇది ఎస్టాడోది" అంది. ఎస్టాడో అంటే రాష్ట్రం. అప్పట్నుంచి ఎక్కడికి వెళ్లినా తలుపు దగ్గరే ఒక ప్రశ్న అడుగుతున్నాను, మీరూ కంఠస్థం చేసుకోండి: "ఎ మునిసిపావ్, ఎస్తదువావ్ ఓ ఫెదెరావ్?" మునిసిపాలిటీదా, రాష్ట్రానిదా, కేంద్రానిదా అని.

ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి ఫ్రిజ్ మీద అంటించండి. కేంద్రం గడిలో: పన్ను శాఖ ఇచ్చే పదకొండు అంకెల సీపీఎఫ్ నంబరు (ఇది లేకపోతే సిమ్ కార్డు కూడా కష్టం), వీసా మీద వచ్చిన 90 రోజుల లోపు ఫెడరల్ పోలీసు దగ్గర నమోదు, ఆదాయపన్ను. రాష్ట్రం గడిలో: వీధిలో కనిపించే పోలీసు, డ్రైవింగ్ లైసెన్సు, బండి పన్ను, ఇంటర్ స్థాయి బడి, సావో పాలోలో అయితే మెట్రో కూడా. మునిసిపాలిటీ గడిలో: చెత్త, సిటీ బస్సు, ఇంటిపన్ను, పసిపిల్లల క్రెష్, పేటలో ఉండే ఆరోగ్య కేంద్రం. ఈ ఆరోగ్య కేంద్రంలో విదేశీయులకి కూడా డబ్బు తీసుకోరు. పిల్లల టీకాలకి నేరుగా వెళ్లండి.

మన మునిసిపాలిటీలు రాష్ట్ర చట్టంతో నడుస్తాయి కదా, ఇక్కడ అలా కాదు. 1988 రాజ్యాంగం మునిసిపాలిటీని కేంద్రం, రాష్ట్రాలతో పాటు సమాఖ్యలో భాగస్వామిగానే రాసింది. అందుకే ఇక్కడ మేయరంటే అంత బరువు.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఇక్కడ గవర్నరు అంటే మన గవర్నరు కాదు, జనం ఓటేసి ఎన్నుకున్న మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివారు. కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, పార్లమెంటు. సుప్రీంకోర్టులో ఉండే 11 మంది జడ్జీలని "మినిస్ట్రో" అంటారు, కాబట్టి టీవీలో ఆ మాట వినగానే మంత్రి అనుకోకండి. ప్రధానమంత్రి లేరు. దేశాన్ని నడిపేది నాలుగేళ్లకి నేరుగా ఎన్నికైన అధ్యక్షుడు.

కాంగ్రెస్‌లో దిగువ సభకి 513 మంది, సెనేట్‌కి 81. సెనేట్‌లో చిన్నా పెద్దా లేకుండా 26 రాష్ట్రాలకీ, రాజధాని బ్రసీలియా ఉన్న ఫెడరల్ జిల్లాకీ తలా ముగ్గురు. దిగువ సభలో ఏ రాష్ట్రానికీ 8 కి తగ్గకూడదు, 70 కి మించకూడదు. గోడమీది మ్యాపు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఉత్తరాన ఉన్న రొరైమా రాష్ట్రంలో 6.4 లక్షల మందికి 8 మంది సభ్యులు, అంటే 80 వేల మందికి ఒకరు. సావో పాలోలో 6.3 లక్షల మందికి ఒకరు. మా వాచ్‌మన్‌కి ఈ లెక్క చెప్తే, "నా ఓటు అంత పలచనా!" అని చాలాసేపు ఆలోచనలో పడ్డాడు. నాకూ ఇది న్యాయంగా అనిపించదు.

ఓటు మనకి లేదు, అయినా ఎన్నికల ఆదివారం ఇంట్లో కూర్చోకండి. మొదటి విడత అక్టోబరు మొదటి ఆదివారం, ఎవరికీ సగం దాటకపోతే రెండో విడత చివరి ఆదివారం. 18 నుంచి 70 ఏళ్ల దాకా ఓటు తప్పనిసరి. వేయకుండా, కారణం చెప్పకుండా ఊరుకుంటే జరిమానా, అది కట్టకపోతే పాస్‌పోర్టు ఆగిపోతుంది. 2022 లో పక్కింటి ఆవిడ ముందురోజు రాత్రి మా వంటింటి బల్ల మీద కూర్చుని చిన్న చీటీ రాసుకుంది. దిగువ సభకి నాలుగు అంకెలు, రాష్ట్ర అసెంబ్లీకి ఐదు, సెనేట్‌కి మూడు, గవర్నరుకి రెండు, అధ్యక్షుడికి రెండు. ఇక్కడి యంత్రం మీద గుర్తులుండవు, అంకెల బటన్లే. నంబరు నొక్కితే ఫొటో వస్తుంది, చూసుకుని ఆకుపచ్చ బటన్ నొక్కాలి. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, చీటీకి అభ్యంతరం లేదు. ఆ చీటీని ఆవిడ రెండుసార్లు చదివి, మడిచి, పర్సులో సీపీఎఫ్ కార్డు వెనకాల పెట్టుకుంది.

రెండో విడత రోజు పోలింగు సాయంత్రం అయిదింటికి ముగిస్తే రాత్రి ఎనిమిదికల్లా ఫలితం తేలిపోయింది. అధ్యక్ష పదవికి పోటీపడిన లూలాకి 50.9 శాతం, అప్పటి అధ్యక్షుడు బొల్సొనారోకి 49.1. ఒక వీధిలో టపాసులు, పక్క వీధిలో నిశ్శబ్దం. ఆ వారమంతా లిఫ్టులో రాజకీయం ఎత్తకండని మావారు పిల్లలకి చెప్పారు. మీకూ అదే చెప్తాను.

నాలుగేళ్లు ఇక్కడ స్థిరనివాసం ఉండి పోర్చుగీసు వస్తే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పుడు ఓటూ వస్తుంది. కానీ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇక్కడిది తీసుకుంటే అక్కడిది పోతుంది. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోకుండా ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.