చలిలో రైఫిల్ మ్యాచ్ – 5వ పాఠం: జేబులో రౌండ్లు, పెట్టెలో రౌండ్లు

ఈసారి గాలి గురించి చెప్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పడం లేదు. పోయిన పాఠంలో నేను రాసిన "రౌండ్లు (తూటా, మందు, ఇత్తడి తొడుగు కలిసినవి) చల్లబడనివ్వకండి" అన్న ఒక్క వాక్యాన్ని నమ్మి మ్యాచ్‌కు వెళ్ళినవాళ్ళు తమ టార్గెట్ల ఫొటోలు పంపారు. అన్నింట్లోనూ ఒకటే జబ్బు. గ్రూప్, అంటే తూటాలు పడ్డ గుంపు, అడ్డంగా బాగానే ఉంది, నిలువుగా మాత్రం నడిమధ్య టెన్ రింగ్ నుంచి ఎనిమిదో రింగ్ దాకా కిందికి జారింది. ఒకావిడైతే ట్రిగర్ పాడైందనుకుని రైఫిల్‌ని రిపేరుకు కూడా ఇచ్చారు. ట్రిగర్ బాగానే ఉందమ్మా. తప్పు నా వాక్యంలో ఉంది.

ఏం జరిగిందంటే, పెట్టెలో యాభై రౌండ్లుంటే ఓ ఇరవై జాకెట్ లోపలి జేబులో, చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్ పక్కన పెట్టుకున్నారు. మిగతావి మ్యాట్ మీద మైనస్ 8లో ఉన్నాయి. జేబులోవి అయిపోగానే పెట్టెలోవి మొదలుపెట్టారు. అంటే ఒకే మ్యాచ్‌లో రెండు రకాల రౌండ్లు కాల్చినట్టే.

రౌండ్‌లోని తుపాకి మందు చల్లబడితే నెమ్మదిగా మండుతుంది, తూటా వేగం తగ్గుతుంది. 0.22 అంగుళాల మ్యాచ్ రౌండ్ల పెట్టెల మీద సెకనుకు 320 నుంచి 330 మీటర్లని ఉంటుంది. ఆ వేగంతో 50 మీటర్లు చేరేలోపు తూటా సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సైట్ జీరో చేసినప్పుడు, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సర్దుకున్నప్పుడు, ఆ దిగుడును సరిచేసుకుంటాం కాబట్టి మనకు కనిపించదు. వేగం ఒక్క 10 మీటర్లు తగ్గితే తూటా ఇంకో 7, 8 మిల్లీమీటర్లు దిగుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో రింగుకూ రింగుకూ మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. మీ పొజిషన్, ఊపిరి, ట్రిగర్ అన్నీ సరిగ్గా ఉన్నా ఒక రింగ్ పోయినట్టే. దానికితోడు మీరు "తొందరపడి లాగాను" అనుకుని, బాగున్న ట్రిగర్‌ను మార్చుకోవడం మొదలుపెడతారు. నాకు అసలు బాధ అక్కడే.

వెచ్చటి రౌండ్లతో ఇంకో చిక్కుంది. శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. సున్నా దగ్గర 331, మైనస్ 10లో 325. జేబులోంచి తీసిన వెచ్చటి రౌండ్ 330తో బయల్దేరితే, జూన్‌లో శబ్దవేగానికి కిందే ఉన్న తూటా జనవరిలో దాన్ని దాటి, దార్లో మళ్ళీ కిందికి వస్తుంది. ఆ దాటే చోట తూటా కుదురు చెడుతుంది. "టప్" అనాల్సిన చోట "ఫట్" అని గట్టి చప్పుడు వినపడి, కారణం తెలియని ఏడో ఎనిమిదో పడిందని ఇద్దరు రాశారు. నాకు అర్థమైనంతవరకు వాళ్ళకు జరిగింది ఇదే. హై వెలాసిటీ (ఇంకా ఎక్కువ వేగం) రౌండ్లు వాడొచ్చా అని ఇంకొకరు అడిగారు. 50 మీటర్ల మ్యాచ్‌లో వద్దు. అవి ఏ కాలంలోనైనా ఇదే చోట తడబడతాయి.

కాబట్టి పాత వాక్యం కొట్టేసి ఇది రాసుకోండి: రౌండ్లన్నీ ఒకే చలిలో ఉండాలి. మొదటి సైటర్‌కి (స్కోరులోకి రాని, గురి సరిచూసుకునే షాట్) గంట ముందే పెట్టెలన్నీ రేంజ్‌లో, నీడలో, మ్యాట్ పక్కన పెట్టేయండి. నీడలో అని ఎందుకంటున్నానంటే, మా మినసోటాలో ఓసారి ఎండ పెట్టెలో సగం మీదే పడి, ఆ సగానికీ మిగతా సగానికీ తేడా నాకు టార్గెట్ మీద కనపడింది. చిన్న థర్మోస్ డబ్బాలో పెట్టుకుని ఐదేసి తీసేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. గాలి ఆగే దాకా ఒక రౌండ్ ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోట) అర నిమిషం ఉంటుంది, ఇంకోటి ఐదు సెకన్లే ఉంటుంది. పల్చటి ఇత్తడి తొడుగు ఆ కాసేపట్లోనే చల్లబడిపోతుంది. మొదటినుంచీ చల్లగా ఉన్న రౌండ్‌తో ఈ గొడవ లేదు.

చల్లటి రౌండ్లకూ ఓ లోపముంది, దాచను. తూటా మీది మైనం గట్టిపడుతుంది, కొన్ని లాట్లు (ఒకే విడతలో తయారైన రౌండ్లు) గ్రూప్‌ను బాగా చెదరగొడతాయి. అందుకే లాట్‌ను చలిలోనే పరీక్షించి కొనాలి. బయాథ్లాన్ (మంచులో స్కీయింగ్, రైఫిల్ షూటింగ్ కలిసిన పోటీ) ఆడేవాళ్ళ కోసం చేసినవి దొరుకుతాయి. నేను లపువా పోలార్ బయాథ్లాన్ వాడతాను. ధర ఎక్కువే. వేసవిలో వాటిని ముట్టను.

రైఫిల్‌ది కూడా ఇదే దారి. దాన్ని మధ్యలో హీటర్ ఉన్న గదిలోకి తేవద్దు. చల్లటి ఇనుము మీద గదిలోని తేమ చెమటలా పట్టి, బయటికి తెచ్చాక బోల్ట్‌లో (రౌండ్‌ను లోపలికి నెట్టి మూసే భాగంలో) గడ్డకడుతుంది. మ్యాచ్‌కు ముందు బోల్ట్‌లో నూనె పూర్తిగా తుడిచేయండి. చిక్కబడ్డ నూనెతో ఫైరింగ్ పిన్ నెమ్మదించి రౌండ్ పేలకపోవడం నేను చాలాసార్లు చూశాను.

స్లింగ్ (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ), మోచేతి చోటు మూడో పాఠంలో ఉన్నాయి, మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మంచు మీద మ్యాట్ పరిస్తే ఒంటి వేడికి అది కరిగి మోచేయి మెల్లగా దిగుతుంది. పారతో నేల కనపడేదాకా మంచు తీసి, ఆ తర్వాతే పరవండి. ముక్కుకు మఫ్లర్ కట్టుకోవద్దు, ఊపిరి పైకి తన్ని కళ్ళద్దాలు మసకబారతాయి. ట్రిగర్ వేలికి గ్లవ్ చివర కత్తిరించి వాడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆ వేలిని జేబులో వెచ్చబెట్టుకోండి. ఆ జేబులో రౌండ్లు మాత్రం ఉండకూడదు.

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల్లో ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే, మ్యాచ్‌కు ముందు 15 నిమిషాలు సిద్ధపడటానికీ సైటర్లకీ ఇస్తారు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 60 షాట్లకు 50 నిమిషాలు. చలి రోజున సైటర్లన్నీ మొదట్లోనే కాల్చేయకండి. చివరి మూడు నిమిషాలకు ఐదారు మిగుల్చుకోండి. బ్యారెల్ అప్పటికి కాస్త కుదురుకుంటుంది, ఆ గ్రూప్‌ను చూసే క్లిక్‌లు (సైట్‌ను జరిపే చిన్న మెట్లు) పెట్టుకోవాలి.

అభ్యాసం. సున్నాకి దిగువన ఉన్న రోజు చూసుకోండి. ఢిల్లీలో ప్రాక్టీస్ చేసేవాళ్ళకు జనవరి తెల్లవారుజాము చాలు, తేడా చిన్నగా కనపడుతుందంతే. ఒకే లాట్ నుంచి 80 రౌండ్లు తీసుకుని, 40 లోపలి జేబులో, 40 బయట గంటసేపు ఉంచండి. సైట్ ముట్టుకోకుండా ఐదు వెచ్చనివి ఒక బుల్ (టార్గెట్ మీది గురి గుండ్రం) మీద, ఐదు చల్లనివి పక్క బుల్ మీద, ఇలా మార్చి మార్చి పదహారు బుల్స్ కాల్చండి. వెచ్చటి రౌండ్‌ను పది సెకన్లకు మించి ఛాంబర్‌లో ఉంచకూడదు. గాలి ఆగకపోతే బయటికి తీసి పక్కన పెట్టేయండి, వాడొద్దు. ఇలాంటివి ఉంటాయి కాబట్టి జేబులో పది ఎక్కువే వేసుకోండి. తర్వాత ప్రతి గ్రూప్ మధ్యబిందువు బుల్ మధ్యనుంచి ఎంత పైనో ఎంత కిందో స్కేలుతో కొలవండి. వెచ్చనివాటి సగటుకూ చల్లనివాటి సగటుకూ ఎన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చిందో, అది మీ సైట్‌లో ఎన్ని క్లిక్‌లో, ఆ రోజు ఉష్ణోగ్రత ఎంతో పుస్తకంలో రాసుకోండి. ఇదంతా ఇంకో రెండు వేర్వేరు రోజుల్లో మళ్ళీ చేయండి. గాలి పాఠం ఆ మూడు అంకెలతోనే మొదలవుతుంది.