అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్: బడ్జెట్, నెలవారీ రుసుము, రాబోయే ఏళ్ల మరమ్మతుల లెక్క

హనుమకొండ, కాజీపేట, హంటర్ రోడ్డు, నయీంనగర్ ప్రాంతాల్లో ఒకప్పుడు పెంకుటిళ్లు, డాబా ఇళ్లు ఉన్న స్థలాల్లో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు నిలిచాయి. ఇరవై నుంచి అరవై ఫ్లాట్ల వరకు ఉండే ఈ భవనాల్లో జీతం తీసుకునే మేనేజర్ ఉండడం అరుదు. ఉద్యోగం చేసుకుంటూనో, పదవీ విరమణ తర్వాతనో ఆ బాధ్యతను తలకెత్తుకున్న కార్యదర్శి, కోశాధికారి అన్నీ చూసుకుంటారు. చాలా చోట్ల నెలవారీ మెయింటెనెన్స్‌ను పక్క అపార్ట్‌మెంట్‌లో ఎంత తీసుకుంటున్నారో అడిగి, దానికి కొంచెం అటూ ఇటూగా నిర్ణయిస్తున్నారు. ఆ పద్ధతిలో వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు గడిచిపోతాయి గానీ, బయటి గోడలకు రంగులు వేయించాల్సి వచ్చినప్పుడో, లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడో ఒక్కో ఇంటి నుంచి ఒకేసారి యాభై వేలు, లక్ష అడగవలసి వస్తుంది. అప్పుడు మొదలయ్యే తగాదాలు ఏళ్ల తరబడి నడుస్తాయి.

నెలవారీ రుసుములో రెండు భాగాలుండాలి. ఈ నెల ఖర్చుకు ఒకటి, ఈ నెలలో భవనం అరిగిన మేరకు మరొకటి. రెండో భాగాన్ని వసూలు చేయని అసోసియేషన్ తక్కువ మెయింటెనెన్స్ తీసుకుంటున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి నేటి నివాసుల ఖర్చును రేపటి యజమానుల మీదికి నెడుతోంది. ఈ రెండు భాగాలనూ లెక్కకట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఉండవలసినవి

అసోసియేషన్‌ను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించి, నియమావళి ప్రతిని ప్రతి యజమానికీ ఇవ్వాలి. అసోసియేషన్ పేరిట పాన్ కార్డు తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవాలి. కార్యదర్శి సొంత ఖాతాకు ఫోన్‌పేలో డబ్బు పంపే అలవాటు ఎంత సౌకర్యంగా ఉన్నా, దాన్ని మొదటి రోజే మాన్పించాలి. ఆయన ఎంత నిజాయతీపరుడైనా లెక్క అడిగే హక్కు సభ్యులకూ, లెక్క చూపే రక్షణ ఆయనకూ ఉండవు.

నడుస్తున్న ఖర్చు

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి బడ్జెట్‌ను ఫిబ్రవరిలోనే తయారుచేసి, మార్చిలో సర్వసభ్య సమావేశం ముందు పెట్టడం మంచిది. గడిచిన పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటును ముందు పెట్టుకుని, ప్రతి చెల్లింపునూ దేనికోసం చేశామో విడదీసి రాస్తే సగం బడ్జెట్ దానంతట అదే తయారవుతుంది. రెండు మూడు నెలల సగటు తీసి పన్నెండుతో గుణించడం మాత్రం మన ప్రాంతంలో పనికిరాదు, ఎందుకంటే ఇక్కడి ఖర్చు ఋతువును బట్టి మారుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు బోర్లలో నీరు అడుగంటి ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి వస్తుంది. నీళ్లు తక్కువైన బోరులో మోటారు ఉత్త గాలిని లాగుతూ తిరిగి కాలిపోవడమూ ఆ నెలల్లోనే ఎక్కువ. వానాకాలంలో సెల్లార్ నీళ్లు తోడే ఖర్చు, జనరేటర్ డీజిల్ ఖర్చు పెరుగుతాయి. కరెంటు ఛార్జీలు, జీతాలు పెరిగే అవకాశాన్ని కూడా కలుపుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఎనిమిదేళ్ల వయసున్న భవనం అనుకుందాం. ఇరవై ఫ్లాట్లు 1,100 చదరపు అడుగులవి, పది ఫ్లాట్లు 1,600 చదరపు అడుగులవి అయితే మొత్తం 38,000 చదరపు అడుగులు. ఇక్కడ వేస్తున్న ధరలు లెక్క చూపించడానికి అనుకున్నవే. మీ భవనానికి మీ బిల్లులే ఆధారం. ఏడాదికి వాచ్‌మన్ జీతం 1,44,000, ఊడ్చే పనికి 72,000, ఉమ్మడి మీటరు కరెంటు బిల్లు 1,68,000, రెండు లిఫ్టుల వార్షిక నిర్వహణ ఒప్పందం 70,000, జనరేటర్‌కు 40,000, ట్యాంకర్లకు 45,000, ట్యాంకుల శుభ్రత, చెత్త, ప్లంబింగ్, బల్బులు వంటి చిల్లర పనులకు 90,000, ఆడిట్‌కు, స్టేషనరీకి 15,000 రూపాయలు అనుకుంటే మొత్తం 6,44,000 అవుతుంది. అనుకోని ఖర్చుల కోసం దాదాపు ఎనిమిది శాతం, అంటే 51,000 కలిపితే 6,95,000. దీన్ని 38,000తోనూ, పన్నెండుతోనూ భాగిస్తే నెలకు చదరపు అడుగుకు రూపాయి 52 పైసలకు కొంచెం ఎక్కువ వస్తుంది; పై పైసకు సవరిస్తే రూపాయి 53 పైసలు.

ఎవరి వాటా ఎంత అన్న దగ్గరే సమావేశాలు వేడెక్కుతాయి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి ఆస్తిలో ఒక్కొక్కరికి ఉన్న అవిభాజ్య (విడదీసి పంచుకోలేని) వాటాను ఉమ్మడి ఖర్చుకు ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఆ వాటా సాధారణంగా ఫ్లాటు విస్తీర్ణాన్ని బట్టే సేల్ డీడ్‌లో రాసి ఉంటుంది. ఇంటింటికీ సమానంగా వసూలు చేస్తే చిన్న ఫ్లాటు యజమాని పెద్ద ఫ్లాటు గోడల రంగుకు డబ్బు కడుతున్నట్టవుతుంది. అందుకని చదరపు అడుగు లెక్కనే నేను సమర్థిస్తాను. మొదటి అంతస్తు వారు లిఫ్టు వాడం కాబట్టి ఆ ఖర్చు కట్టబోమనడం, ఊళ్లో లేనివారు తాళం వేసిన ఇంటికి డబ్బెందుకనడం సహజమే. కానీ లిఫ్టు, ట్యాంకులు, పైకప్పు అందరి ఉమ్మడి ఆస్తి. వాడకాన్ని బట్టి మినహాయింపులు మొదలుపెడితే పై అంతస్తు వారు సెల్లార్ ఖర్చు కట్టబోమంటారు, కారు లేనివారు పార్కింగ్ ఖర్చు కట్టబోమంటారు, ఆ వరుసకు అంతుండదు.

వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ఖర్చులను మాత్రం మెయింటెనెన్స్‌లో కలపకుండా, ఇష్టపడి ఇచ్చే చందాగా వేరే పుస్తకంలో రాయాలి.

నిల్వ నిధి

రుసుములోని రెండో భాగం, రాబోయే పెద్ద మరమ్మతుల కోసం దాచే ఈ నిధికి వెళుతుంది. భవనంలో ఏ భాగం ఎన్నేళ్లు నిలుస్తుందో, దాన్ని మార్చడానికి నేటి ధరల్లో ఎంతవుతుందో, ఇంకా ఎన్నేళ్ల సమయం ఉందో ఒక పట్టికగా రాసుకోవాలి. మార్చే ఖర్చును మిగిలిన ఏళ్లతో భాగిస్తే ఏటా పక్కన పెట్టవలసిన మొత్తం తెలుస్తుంది. పై ఉదాహరణలోని భవనానికే చూద్దాం. బయటి రంగులకు 9,00,000 రూపాయలు, ఆరేళ్లకోసారి అనుకుంటే ఏడాదికి 1,50,000. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ 3,50,000, పదేళ్లకు 35,000 చొప్పున. రెండు లిఫ్టులు మార్చడానికి 24,00,000, ఇంకా పన్నెండేళ్లు పనిచేస్తాయనుకుంటే 2,00,000. బోరు, సంప్ మోటార్లు 1,20,000, ఆరేళ్లకు 20,000 చొప్పున. జనరేటర్ 6,00,000, మిగిలిన పదేళ్లకు 60,000. నీటి పైపులు, డ్రైనేజీ లైన్లు 6,00,000, పదిహేనేళ్లకు 40,000. మొత్తం ఏడాదికి 5,05,000, అంటే నెలకు చదరపు అడుగుకు రూపాయి 11 పైసలు. బిల్డర్ అప్పగించిన కార్పస్ ఫండ్ (భవనం కోసం ముందే దాచిన మూలనిధి) చేతిలో ఉంటే అంత మేరకు ఇది తగ్గుతుంది.

రెండు భాగాలూ కలిపితే చదరపు అడుగుకు 2 రూపాయల 64 పైసలు, అంటే చిన్న ఫ్లాటుకు నెలకు 2,904, పెద్ద ఫ్లాటుకు 4,224 రూపాయలు. ఈ అంకె వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. ఒకేసారి పెంచలేకపోతే మూడేళ్లలో మెట్లు మెట్లుగా పెంచండి; కానీ రశీదులో మాత్రం మొదటి నెల నుంచే రెండు భాగాలనూ విడివిడిగా చూపించండి. తన డబ్బు ఎక్కడికి వెళుతుందో కంటికి కనిపించిన సభ్యుడు అంత తేలిగ్గా వ్యతిరేకించడు. ధరలు ఏటా పెరుగుతాయి కాబట్టి ఈ పట్టికను ప్రతి ఫిబ్రవరిలో కొత్త కొటేషన్లతో సవరించాలి.

నిల్వ నిధికి వేరే ఖాతా ఉండాలి. అందులోంచి రూపాయి తీయాలన్నా సర్వసభ్య సమావేశం తీర్మానం అవసరమని నియమావళిలో రాయించాలి. కరెంటు బిల్లుకు తక్కువైందని ఒకసారి అందులోంచి వాడుకోవడం మొదలైతే ఆ నిధి నిలవదు. మొత్తం పెరిగాక ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయాలి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకే వర్తిస్తుంది కాబట్టి, ముఖ్యంగా చిన్న సహకార బ్యాంకుల విషయంలో, డబ్బంతా ఒకేచోట ఉంచకూడదు. సభ్యుల నుంచి వచ్చే మెయింటెనెన్స్‌పై సాధారణంగా ఆదాయపు పన్ను ఉండదు గానీ బ్యాంకు వడ్డీపై ఉంటుంది. ఒక్కో సభ్యుడి నుంచి నెలకు తీసుకునేది 7,500 రూపాయలు, అసోసియేషన్ వార్షిక వసూళ్లు 20 లక్షలు, ఈ రెండూ దాటితే జీఎస్టీ వర్తిస్తుంది. మన దగ్గరి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఆ పరిస్థితి రాదు. సెల్ టవర్ అద్దె వంటి బయటి ఆదాయం ఉంటే మాత్రం ఆడిటర్‌ను తప్పక సంప్రదించాలి.

కళ్లతో చూడవలసినవి

పట్టికలోని ఏళ్లు అంచనాలే. భవనం చెప్పే అసలు వయసు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, పై నుంచి కిందిదాకా తిరిగి చూస్తేనే తెలుస్తుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. టెర్రస్ మీది ప్లాస్టరింగ్ కూడా ఆ ఎండలకే పగిలి, మృగశిర వానలకు ఆ పగుళ్లలోంచి నీరు దిగుతుంది. అందుకే మే నెలాఖరులో టెర్రస్ ఊడ్పించి, పిట్టగోడ నేలను కలిసే మూలను వేలితో తడుముతూ చుట్టూ తిరగాలి. గుల్లబారిన చోట తట్టితే బోలు శబ్దం వస్తుంది. వాననీటి పైపుల నోళ్ల దగ్గర, పైపులు అతుకుకునే చోట రావి మొక్కలు మొలుస్తాయి. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి ఆ సందును సిమెంటుతో పూడ్పించాలి. పైన తుంచి వదిలేస్తే వేరు లోపలికి పాకి గోడనే చీలుస్తుంది.

లిఫ్టు విషయంలో ఒప్పందం కాగితాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. మామూలు ఒప్పందంలో నెలనెలా తనిఖీ, నూనె వేయడం ఉంటాయి. తాళ్లు, కంట్రోలర్ కార్డులు పాడైతే డబ్బు వేరే కట్టాలి. సమగ్ర ఒప్పందానికి ఎక్కువ ఖర్చవుతుంది, కానీ పదేళ్లు దాటిన లిఫ్టుకు అదే మేలు. మెకానిక్ వచ్చినప్పుడు కమిటీ సభ్యుడొకరు మెషిన్ రూముకు వెళ్లి తాళ్లను చూపించమని అడగాలి. తాడు మీద ఎర్రటి పొడి కనిపించినా, సన్నని తీగలు తెగి పైకి లేచి ఉన్నా అది మార్చే సమయం దగ్గర పడిందనడానికి గుర్తు.

2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ కురిసిన వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీరు చేరింది. సెల్లార్ ఉన్న ప్రతి భవనమూ వానాకాలానికి ముందే నీళ్లు తోడే మోటారును నడిపి చూడాలి, మీటర్ల బోర్డు నేలకు ఎంత ఎత్తులో ఉందో గమనించాలి. బోర్డును పైకి మార్పించే ఖర్చును నిల్వ నిధి పట్టికలో చేర్చడం వృథా కాదు. నాలాలకు, చెరువులకు దగ్గరున్న భవనాలు వరదను కూడా కలిపే బీమా తీసుకోవాలి.

కొత్త భవనంలో ఉంటే ఇంకొక తేదీ గుర్తుంచుకోవాలి. ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో బయటపడిన లోపాలను తెలియజేస్తే బిల్డర్ ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నాలుగో ఏడు ముగిసేలోపు బయటి ఇంజినీర్‌తో భవనాన్ని పరీక్షింపజేసి, ఫోటోలతో సహా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపితే, మీ నిధి నుంచి పోవలసిన లక్షలు మిగలవచ్చు.

కరెంటు ఖర్చు తగ్గించుకునే దారి కూడా ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాల కోసం పైకప్పు మీద పెట్టే సోలార్‌కు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ముందు పూర్తి చేసి ఆ తర్వాతే ప్యానెళ్లు పెట్టించాలి. వరుస తప్పితే రెండోసారి విప్పి బిగించే ఖర్చు పడుతుంది.

బకాయిలు, అప్పగింతలు

ప్రతి నెలా పదో తేదీని గడువుగా పెట్టి, దాటితే ఎంత ఆలస్య రుసుమో నియమావళిలోనే రాయాలి. బకాయిదారుల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించడం, నీళ్లు ఆపేయడం మంచిది కాదు. నీళ్లు ఆపితే తప్పు అసోసియేషన్ వైపు తిరుగుతుంది. ముందు కార్యదర్శి స్వయంగా ఇంటికి వెళ్లి మాట్లాడాలి, తర్వాత లిఖితపూర్వక నోటీసు, అప్పటికీ కట్టకపోతే న్యాయపరమైన చర్య. ఫ్లాటు అమ్మేటప్పుడు బకాయి లేదన్న పత్రాన్ని కొనేవారు అడిగే పద్ధతిని అలవాటు చేస్తే పాత బాకీలు చాలావరకు అక్కడే తీరుతాయి. అద్దెకున్నవారు కట్టకపోయినా బాధ్యత యజమానిదేనని ముందే స్పష్టం చేయాలి.

కమిటీ మారేటప్పుడు ఆమోదిత ప్లాను, లిఫ్టు, జనరేటర్ ఒప్పందాలు, బోరు లోతు, మోటారు ఎన్ని అడుగుల్లో దించారో రాసిన కాగితం, పైపులు గోడల్లో ఏ దారిలో వెళ్లాయో చూపే పటం, డిపాజిట్ రశీదులు, నిల్వ నిధి పట్టిక అన్నింటినీ జాబితా రాసి, పాత, కొత్త కార్యదర్శులిద్దరూ సంతకం చేసి అప్పగించుకోవాలి. ఆ జాబితా ప్రతిని సర్వసభ్య సమావేశం మినిట్స్ పుస్తకంలో అతికించి, బ్యాంకులో సంతకాల మార్పు అదే వారంలో పూర్తి చేయించాలి.